తలకిందుల క్లాప్

నేను అబద్ధమాడలేదు. తగ్గించి చెప్పానంతే. మా ఇంట్లో ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. ఎడమ పక్కన పెదనాన్న గాజుల కొట్టు, కుడి పక్కన మేనమామ బట్టల కొట్టు. నేను నడక నేర్చుకున్నది బిందెల వరసల మధ్య. వంద చెప్పినదాన్ని అరవైకి అడగడం, కుదరదంటే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వీధి చివరిదాకా మెల్లగా నడవడం, వెనక్కి పిలిచాక కొసరు అడగడం మాకెవరూ నేర్పలేదు. చేపకి ఈత నేర్పరు కదా. కెనడా వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆ గుణం పోలేదు. ధర చీటీ అంటించిన మాల్‌లో కూడా "దీని మీద చిన్న గీత ఉంది, చూశారా?" అని మొదలుపెడతాను. మా పిల్లలు నన్నెరగనట్టు పక్క వరసలోకి వెళ్లి నిలబడతారు.

అలాంటి నన్ను, పోయిన ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఇద్దరు మనుషుల మధ్య కూర్చోబెట్టి, "ఈయన ఏం చెబితే అది, ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా ఇంగ్లీషులో చెప్పండి" అన్నారు. పిల్లిని పిలిచి పాలకి కాపలా పెట్టారన్నమాట.

ఈయన అంటే మా ఎదురింటాయన. ఏజాక్స్‌లో మా అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో నా తలుపు తీస్తే ఎదురుగా ఆయన తలుపు. ఎనభై నాలుగేళ్లు. భార్య పోయి ఐదేళ్లయింది. ఒక్కతే కూతురు, ముప్పావుగంట దూరంలో రిచ్‌మండ్ హిల్‌లో ఉంటుంది. బిల్డింగులో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాలూ ఆయన్ని హీరోగారు అంటాయి. సగం గౌరవం, సగం వెక్కిరింత. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో గుర్రమెక్కి పాటలు పాడే కౌబాయ్ వేషాలు వేశాడాయన. మూడో నాలుగో పిక్చర్లు. ఇప్పుడు వాటిలో ఒక్కదాని ప్రింటు కూడా ఎక్కడా లేదు. నేను మాత్రం బాబాయిగారూ అనేదాన్ని. గిన్నెడు పులుసు ఇచ్చి, బదులుగా ఒక స్టూడియో కబురు పట్టుకెళ్లేదాన్ని. ఆ బేరంలో నష్టం ఎవరిదో నా పులుసు తిన్నవాళ్లకి తెలుస్తుంది.

జనవరిలో ఆయన స్టవ్ మీద పప్పు పెట్టి మరిచిపోయాడు. పొగ, అలారం, ఫైరింజన్లు. మైనస్ పద్దెనిమిదిలో బిల్డింగంతా దుప్పట్లు కప్పుకుని పార్కింగ్‌లో నిలబడింది. అంతకుముందు ఇంకో రెండుసార్లు కూడా ఇలాగే అయిందని అప్పుడు బయటపడింది. కూతురు కేర్ హోమ్‌కి అప్లై చేస్తానంది. ఆయన రానన్నాడు. ఇక తేలాల్సింది ఒక్కటే: ఆ "రాను" అనే మాటకి విలువ ఉందా, లేదా? తనెక్కడ బతకాలో తాను తేల్చుకోగల బుద్ధి ఈ మనిషికి ఇంకా మిగిలి ఉందా అని చూడడానికి ప్రభుత్వం తరఫున ఒకావిడ ఇంటికొస్తుంది. ఉందని ఆవిడ రాస్తే ఆయన ఇల్లు ఆయనది. లేదని రాస్తే ఆయన తరఫున కూతురు సంతకం పెడుతుంది; ఏ హోమ్‌లో ముందు మంచం ఖాళీ అయితే అక్కడికి ఆయన ప్రయాణం.

ఆవిడ సరిగ్గా పది గంటలకి వచ్చింది. బూట్లకి అంటిన మంచు తలుపు దగ్గరే దులిపి, ఉన్ని మేజోళ్లతో లోపలికి నడిచింది. నలభై లోపు వయసు. ముఖంలో దయగానీ కాఠిన్యంగానీ కనిపించనివ్వని మనిషి. అలాంటి ముఖాలంటే నాకు భయం. అవతలివాడి మొహంలో ఏదో ఒకటి కనబడితే కదా బేరం మొదలయ్యేది.

కూతురు అప్పటికే వచ్చి ఉంది. నాకంటే ఆరేళ్లే చిన్నది, అయినా నన్ను ఆంటీ అంటుంది. నేను పట్టించుకోనట్టు నటిస్తాను. ఆఫీసు మానేసి, మంచులో గంటన్నర డ్రైవ్ చేసి వచ్చిందని కళ్లే చెబుతున్నాయి.

ముందు ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. పాపం ఆ అమ్మాయెవరో మర్యాదగా "నమస్కారమండీ" అంది. హీరోగారు టేబుల్ మీది ఫోన్ వంక చూసి, "మనిషి లేకుండా గొంతేమిటి? నేను మాట్లాడను" అని చేతులు కట్టుకున్నాడు. రెండుసార్లు బతిమాలారు. ఆయన కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఏదో రాసుకుంది. అప్పుడే ఒక మార్కు పోయిందని నాకనిపించింది.

"కుటుంబం వాళ్లు కాకుండా, ఆయనకి నమ్మకమున్నవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగిందావిడ.

పులుసు గిన్నె పట్టుకుని ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్న నా వైపు ఆయన వేలు చూపించాడు. "ఇదుంది. ఇది మాట్లాడుతుంది. ఆపడమే కష్టం."

కూతుర్ని పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నారు. మేం ముగ్గురం చిన్న టేబుల్ చుట్టూ కూర్చున్నాం.

అక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. కొట్లో పెరిగిన పిల్లలకి తలకిందుల రాత చదవడం వస్తుంది. హోల్‌సేల్ వ్యాపారి బల్లకి అటువైపు కూర్చుంటే, ఇటువైపు నిలబడి వాడి ధరల కాగితం చదివి నాన్న చెవిలో చెప్పేదాన్ని. ఆవిడ ముందున్న ఫారం మీద నా కళ్లు వాటంతటవే పాకాయి. మతిమరుపు. స్టవ్. పొగ. ఆ కిందిది కూతురు చెప్పిన మాటలా ఉంది: తాను పాడే కౌబాయ్‌నని చెబుతూ ఉంటారు. సినిమాల్లో నటించిన మాట నిజం. పాడిన మాట నిజం కాదు. దాని పక్కన ఎర్ర సిరాతో ప్రశ్న గుర్తు.

 కూతురిది అబద్ధమేమీ కాదు. ఆ పాట డిస్కు మీద ఇంకెవరిదో పేరుంది. చిన్నప్పుడు ఆ పిల్ల చూసింది. కానీ ఆ ప్రశ్న గుర్తు చూడగానే నాకర్థమైంది. ఈయన నోరు తెరిచి గుర్రం, పాట, స్టూడియో అన్నాడంటే ఈవిడ దృష్టిలో అది మతి చలించిన లక్షణం. సరుకులో లోపం బయటపెట్టుకుని ఎవరైనా అమ్ముతారా? తగ్గించేద్దాం అనుకున్నాను.

"ముందు మీ గురించి కొంచెం చెప్పండి. ఏం పని చేసేవారు?" అని అడిగిందావిడ, ఆయన వైపే చూస్తూ.

ఆయన నిటారుగా కూర్చున్నాడు. "నేను స్టూడియోలో ఉండేవాణ్ణమ్మా. కౌబాయ్ పిక్చర్లో హీరోని. గుర్రం మీద కూర్చుని నేనే పాడాను. ప్లేబ్యాక్ లేదు. మాకు క్లాప్ కూడా షాట్ ఆఖర్న కొట్టేవాళ్లు, తలకిందులుగా పట్టుకుని."

"సినిమా రంగంలో పనిచేశారట" అన్నాను ఇంగ్లీషులో.

ఆవిడ కలం కదిలింది. "అక్కడ ఏం చేసేవారు?"

"కౌబాయ్‌నన్నానుగా! మొదటి రోజే గుర్రం నన్ను తీసుకుని సముద్రంలోకి పోయింది. కెమెరా ఇటుంది, నేను అటు పోతున్నాను, యూనిట్ మొత్తం నా వెనకాల పరుగు..." ఆయన చేతులు గాల్లో కళ్లెం లాగుతున్నాయి.

"రకరకాల పనులు. జంతువుల్ని చూసుకునేవారు."

కలం ఆగింది. ఆవిడ నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఆయన కౌబాయ్ అన్నారు. రెండుసార్లు. స్టూడియో అన్నారు, ప్లేబ్యాక్ అన్నారు, క్లాప్, కెమెరా అన్నారు. నాకు మీ భాష రాదు. కానీ ఆ మాటలు నావి. అవి ఆయన నోట్లోంచి వస్తున్నాయి. మీ నోట్లోంచి రావడంలేదు. ఎందుకు?"

మనం మాట్లాడే తెలుగులో ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయో ఆ క్షణందాకా నాకు తట్టలేదు. ఇంట్లో దొంగతనం చేసి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నా పేరు రాసిపెట్టినట్టయింది.

"ఏమంటోంది?" అన్నాడాయన.

"ఏం లేదు బాబాయిగారూ, చిన్న..."

"నాకు ఇంగ్లీషు రాదనుకున్నావా? మాట్లాడ్డం పోయింది, వినడం పోలేదు. నన్ను గుర్రాలకి గడ్డేసేవాణ్ణి చేసేశావు!"

"మొదట్లో వేశారుగా?"

"మొదట్లో వేశాను! తర్వాత ఎక్కాను!"

ఆయన గొంతు పెరిగింది. పడగ్గది తలుపు వెనక నేల కిర్రుమంది. ఆవిడ చేయి ఫారం మీద ఉంది, దాన్ని మూసేయబోతున్నట్టు. నాకు ఇంకో దారి లేకపోయింది. మీ కాగితం తలకిందులుగా చదివాను, ఆ ప్రశ్న గుర్తు చూసి భయపడ్డాను, ఆయనకి మేలు చేద్దామనుకున్నాను, అని చెప్పేశాను. అరవై ఏళ్లకి దగ్గరపడ్డ దాన్ని, హెడ్మాస్టర్ ముందు నిలబడ్డట్టుంది.

ఆవిడ ఫారం బోర్లా తిప్పి పెట్టింది.

"ఆయన పాడారా లేదా అన్నది నా ప్రశ్న కాదు" అంది. "ఆయన్ని ఆయన మాటల్లో వినడం నా పని. మీ ద్వారా వచ్చేదాన్ని నేను నమ్మలేకపోతే, తేల్చలేకపోయానని రాసి వెళ్లిపోవాలి. అలా రాస్తే ఆయనకి మంచిది కాదు. ఇంకొక్కసారి, మొదటి నుంచి. అన్నీ చెప్పాలి."

"అన్నీ" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కొక్క ముక్కే చెబుతాను. నువ్వు చెప్పింది విన్నాకే రెండోది."

అలా మొదలైంది. ఆయన ఒక వాక్యం చెప్పి, నా పెదాల వంక చూస్తూ ఆగేవాడు. సరిపోతే తలాడించేవాడు. ఏదైనా జారితే టేబుల్ మీద వేలితో కొట్టేవాడు.

ఆయన తండ్రి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఇన్నేళ్లూ నాతో "మాకు గుర్రాలుండేవి" అన్నాడుగానీ జట్కా అనలేదు. ఆ రోజు అన్నాడు. మద్రాసు వెళ్లి, ఒక స్టూడియోలో అద్దె గుర్రాల్ని పట్టుకుని నిలబడే పనిలో చేరాడు. పొద్దున్నే గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం, నెల జీతం. గుర్రాలు లేని రోజు కిరీటం పెట్టి, బల్లెం ఇచ్చి సైనికుల వరసలో నిలబెట్టేవారు. ఎండలో బల్లెం పట్టుకుని రెండేళ్లు. అప్పుడు కౌబాయ్ పిక్చర్ల గాలి వచ్చింది. స్టూడియో వెనకాల ఖాళీ స్థలంలో చెక్కతో ఒక బారు, ఒక జైలు, పైన చెక్క బోర్డులు. ముందు నుంచి చూస్తే అమెరికా, వెనక నుంచి చూస్తే వెదురు కర్రలు. టోపీలు అట్టతో చేశారు. మధ్యాహ్నానికి చెమటకి మెత్తబడి చెవుల మీదికి వాలిపోయేవి. సముద్రం ఒడ్డు ఇసుకలో షూటింగ్. తాటిచెట్టు కనబడితే కట్.

"తాటిచెట్లున్న అమెరికా ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. నేను అనువదించాను. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది, వెంటనే ఆగింది.

అసలు హీరో మొదటి రోజే గుర్రం మీంచి పడి, ఇక ఎక్కనని వెళ్లిపోయాడు. గుర్రమెక్కగలిగినవాడు ఎవడంటే ఈయన్ని చూపించారు. తలకి సరిపోయే టోపీ లేదు, పడిపోయినవాడి టోపీయే పెట్టారు. గుర్రమేమో పందేల నుంచి రిటైరైనది. ఢామ్మని చప్పుడైతే పరుగు తీయడమే దానికి తెలిసిన విద్య. క్లాప్ అసిస్టెంట్ పలక ముందుకు పెట్టి టప్‌మని కొట్టాడు. గుర్రం సముద్రంలోకి పోయింది. రెండో టేకూ అంతే. అప్పుడు కెమెరా అసిస్టెంటు ఎవరో, క్లాప్ ఆఖర్న కొడదాం అన్నాడు. ఆఖర్న కొట్టే క్లాప్ పలకని తలకిందులుగా పట్టుకుంటారు, ఎడిటింగ్‌లో తెలియడానికి. బాగానే ఉంది. కానీ పాట మాటేమిటి? మద్రాసులో పాట ముందే రికార్డు చేసి ఉంటుంది. సెట్లో లౌడ్‌స్పీకర్లో వేస్తే హీరో పెదాలు కదపాలి. స్పీకర్ ఆన్ చేయగానే కీచుమంది. గుర్రం మళ్లీ సముద్రంలోకి.

"అప్పుడు నేనే పాడాను" అన్నాడాయన. "మెల్లగా. మా నాన్న జట్కా గుర్రానికి పాడినట్టు. అది చెవులు వెనక్కి వేసి నడిచింది. పాట మొత్తం నడిచింది. కానీ పాట అయిపోగానే నా పని అయిపోయినట్టు కాదు. తలకిందుల క్లాప్ పడుతుంది. పడగానే అది పరిగెడుతుంది. ఆఖరి మాట పాడుతూనే జూలు పిడికిట్లో బిగించాలి."

ఆవిడ రాయడం మానేసి వింటోంది.

"ఆ పాట ఇప్పుడు గుర్తుందా?" అని అడిగింది.

 ఎందుకడిగిందో తెలియలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. దారి పొడుగూ దుమ్మేగానీ, ఊరు మాత్రం కనపడదు అని మొదలయ్యే పాట. గరుకు గొంతు, అయినా శృతి ఉంది. ఒక లైను. రెండో లైను. ఆగాడు. మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు. చేతి వేళ్లు టేబుల్ అంచుని పట్టుకున్నాయి.

మూడో లైను నాకొచ్చు. ఆయనే నాకు ఇరవైసార్లు పాడి వినిపించాడు. నా నాలుక చివర ఉంది. ఒక్క మాట అందిస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. ఆవిడకి తెలుగు రాదు, నేనేం అన్నానో తెలియదు. నా జీవితంలో నోరు మూసుకోవడం అంత ఖరీదుగా ఎప్పుడూ అనిపించలేదు. మూసుకున్నాను.

"పోయింది" అన్నాడాయన. "మూడో లైను పోయింది."

"పోయిందంటున్నారు" అన్నాను.

"ఇలా పోయినప్పుడు ఏం చేస్తారు?"

"ఆగుతాను. పోయిందని చెబుతాను. పాడుతున్నట్టు పెదాలు ఆడించను." టేబుల్ అంచు వదిలేశాడు. "ఆ పిక్చర్లో నా గొంతు లేదమ్మా. తీరా సినిమా తయారయ్యాక, కొత్తవాడి పేరు మీద డిస్కులు అమ్ముడుపోవని నా గొంతు తీసేసి, ముందు రికార్డు చేసిన గొంతే అతికించారు. నాకెవరూ చెప్పలేదు. మా ఊళ్లో మొదటాటకి మా నాన్న పక్కన కూర్చుని చూశాను. తెర మీద నేను నోరు తెరిచాను. మా నాన్న నా వైపు తిరిగి, 'గొంతు నీది కాదేంట్రా?' అన్నాడు. హాలంతా ఈలలు. ఆ పాటకి నాకు ఇంకో రెండు పిక్చర్లు వచ్చాయి. రెంటిలోనూ ఎవరో పాడితే నేను పెదాలు ఆడించాను. ఒకటీ ఆడలేదు. నేనే పాడానని ఎవరికి చెప్పినా నవ్వుతారు. మా అమ్మాయీ నమ్మదు. తప్పేం లేదు. దానికి డిస్కు కనబడింది, నేను కనబళ్లేదు."

ఇది అనువదిస్తూ రెండుసార్లు ఆగాను. ఆయన టేబుల్ మీద కొట్టి, ఆగకుండా చెప్పమన్నాడు.

ఆవిడ కాగితం తిరగేసింది. అసలు ప్రశ్నలు అప్పుడు మొదలయ్యాయి. ఇంట్లో మీకు ఏది కష్టంగా ఉంది? కేర్ హోమ్‌లో ఏముంటుందో తెలుసా? వీటికి ఆయన బాగానే చెప్పాడు. అక్కడ నర్సులుంటారు, వేళకి తిండి పెడతారు, పడితే లేపుతారు, అన్నీ మంచివే, నాకు వద్దు. తర్వాత ఆవిడ కలం కింద పెట్టి అడిగింది.

"ఇక్కడే ఉంటే ఏం జరగొచ్చు?"

"చెప్పానుగా. క్లాప్ పడుతుందని తెలిసే గుర్రమెక్కాను. ఎప్పుడు పడుతుందో తెలియదు. జూలు పట్టుకుంటాను."

అబ్బ, ఎంత బాగా చెప్పాడు, అనుకున్నాను. ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. గెలిచామనుకున్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గుర్రం వద్దు. సినిమా వద్దు. మామూలు మాటల్లో చెప్పమనండి. ఈ ఇంట్లో, ఈ స్టవ్‌తో, ఏం జరగొచ్చు?"

నేను అడిగాను.  ఆయన వంటింటి వైపు చూశాడు. మాడిన గిన్నె ఇంకా సింకు పక్కనే బోర్లించి ఉంది.  అర నిమిషమా, ఐదు నిమిషాలా, నాకు తెలియదు. ఆవిడ తొందరపెట్టలేదు. మా నాన్న కూడా ధర చెప్పాక అలాగే కూర్చునేవాడు. ముందు నోరు విప్పినవాడు ఓడిపోతాడనేవాడు. ఆ రోజు మాత్రం ముందు నోరు విప్పకపోతే ఆయన ఓడిపోతాడని నా భయం.

"మరిచిపోతాను" అన్నాడు చివరికి. "మళ్లీ మరిచిపోతాను. ఈసారి పొగతో ఆగకపోవచ్చు. నేను పోవచ్చు. నేను పోతే పోయాను, ఎనభై నాలుగు. కానీ ఎదురింట్లో ఇదుంది. పక్కింట్లో చంటిపిల్ల ఉంది. వాళ్లు పోవచ్చు."

నేను చెప్పాను. "ఎదురింట్లో ఇదుంది" అన్నది కూడా చెప్పాను.

"దానికి ఏం చేయాలంటారు?"

"స్టవ్ తీసేయండి."

నాలోని కొట్టు పిల్ల ఎగిరి లేచింది. మొత్తం ఎందుకు బాబాయిగారూ, ఒక్క పొయ్యి ఉంచమనండి, కాఫీకి! వాళ్లు అడక్కముందే మొత్తం ఇచ్చేస్తారా! పళ్లు బిగబట్టి అనువదించాను. స్టవ్ తీసేయమంటున్నారు.

"వంట?"

"కరెంటు కెటిల్. దానంతటదే ఆగుతుంది. భోజనం బయటి నుంచి. ఎక్కడా దొరక్కపోతే దీని పులుసు." ఆగి, "పెరుగన్నం తిని కూడా బతకొచ్చు" అన్నాడు.

ఆవిడ చాలాసేపు రాసుకుంది. నేను ఫారం వైపు చూడకుండా గోడ మీది కేలండర్ చూశాను. ఆ నెలలోని పండగలన్నీ నాకు నోటికొచ్చేశాయి. తర్వాత ఆవిడ కూతుర్ని పిలిచి, ఆయన తన సంగతి తాను తేల్చుకోగలరని రాస్తున్నానంది. మరుపు ఉంది, అది పెరుగుతుంది, మళ్లీ చూడాల్సి రావచ్చు. ఈ రోజుకి మాత్రం నిర్ణయం ఆయనది. బూట్లు తొడుక్కుంటూ నాతో, "మీరు ఈ పని మళ్లీ చేయకండి" అని చెప్పి వెళ్లిపోయింది. వాదించడానికి నా దగ్గర సరుకు లేదు.

కూతురు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ పల్చటి తలుపు వెనక అన్నీ వింది.

"క్లాప్ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు నాన్నా."

"చెప్పాను. నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు."

"సరే, మీరే పాడారు. ఒప్పుకుంటున్నా. మరి స్టవ్ ఎందుకు ఆపలేదు?"

 ఆయన చొక్కా కాలర్ మడత పడి ఉంటే సరిచేసి, ఆ అమ్మాయి కోటు తీసుకుంది. నేను లిఫ్ట్ దాకా వెంట వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు, బహుశా మెచ్చుకుంటుందేమోనని.

"గెలిచారు ఆంటీ" అంది.

"ఇందులో గెలుపేముందమ్మా."

"మళ్లీ అలారం మోగితే కాల్ నాకొస్తుంది. హైవే మీద ఆ ముప్పావుగంట నేనెలా డ్రైవ్ చేస్తానో మీకు తెలీదు. ఆయన ఉన్నారో లేదో తెలీకుండా ముప్పావుగంట. నేను ఆయన్ని వదిలించుకోవాలని అప్లై చేయలేదు."

లిఫ్ట్ వచ్చింది. ఆ అమ్మాయి ఎక్కలేదు. తలుపులు మూసుకుపోయాయి.

"రోజూ పొద్దున్న ఏడింటికి చూసి నీకు మెసేజ్ పెడతాను" అన్నాను.

"ఎన్నాళ్లు?"

మామూలుగానైతే ఆ మాట దగ్గర నేను మొదలవుతాను. వారానికి ఐదు రోజులు, ఆదివారం సెలవు, ఎండాకాలం నేను ఊరెళితే నీదే బాధ్యత. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఉన్నన్నాళ్లు" అన్నాను.

ఎవరు ఉన్నన్నాళ్లో ఆ అమ్మాయి అడగలేదు. మళ్లీ బటన్ నొక్కింది.

ఆ వారంలోనే బిల్డింగు వాళ్లు వచ్చి స్టవ్ పట్టుకుపోయారు. ఆ ఖాళీలో ఆయన రెండు కుర్చీలు పెట్టాడు. నేను ఏడింటికి వెళ్తాను. ఆయన తలుపు తీస్తాడు, నేను "బాగున్నారు" అని ఒక్క మాట మెసేజ్ పెడతాను, అటు నుంచి ఒక నమస్కారం బొమ్మ వస్తుంది. చాలా రోజులు అంతే. తేలికైన పనే.

నిన్న తలుపు తీయలేదు.

రెండుసార్లు కొట్టాను. లోపల చప్పుడు లేదు. ఏడు దాటి ఐదు నిమిషాలు. నా దగ్గర తాళంచెవి ఉంది, కానీ తాళం తీయడానికి చేయి రాలేదు. తలుపు అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. పొగ లేదు. స్టవ్వే లేదు కదా, పొగెక్కడిది. ఏడు పది. ఫోన్లో ఆ అమ్మాయి నుంచి ఒక ప్రశ్న గుర్తు వచ్చింది. జవాబు రాయడం మొదలుపెట్టాను: ఇప్పుడే లేచినట్టున్నారు. నా బొటనవేలు పంపే బటన్ మీద ఉంది. తగ్గించి చెప్పడం ఎంత సులువో. చెరిపేసి, "ఇంకా తలుపు తీయలేదు. తాళం తీస్తున్నాను" అని పంపాను. వెంటనే ఆ అమ్మాయి కాల్ చేసింది. ఎత్తి, "లైన్లో ఉండు" అని తాళంచెవి తిప్పాను.

ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి మేజోడు, రెండోది చేతిలో.

"ఏమ్మా, ఉన్నానో పోయానో చూడ్డానికొచ్చావా?"

"అవును" అన్నాను.

"దీన్ని తొడుక్కోవాలని అరగంట నుంచి చూస్తున్నాను. కాలు అందట్లేదు." మేజోడు నా వైపు చాచాడు. "ఫోన్లో ఎవరు? అమ్మాయా? చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఉంచాను. నేల మీద కూర్చుని ఆయన పాదం ఒళ్లోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. చీలమండ బాగా వాచి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది.

"నాన్న బాగున్నారా ఆంటీ?" అని అటు నుంచి గొంతు.

"మెలకువగా ఉన్నారు, మాట్లాడుతున్నారు" అన్నాను. "కాళ్లు వాచాయి. నిన్న వాపు లేదు. నువ్వు రావాలి."